తుఫాను బులెటిన్‌లోని ఇంగ్లీష్ చదవడం, ఆపదలో ఇంగ్లీష్‌లో ఫోన్ చేయడం ఎలా?

తుఫాను వస్తోందంటే వాతావరణ శాఖ బులెటిన్ పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మొదలవుతుంది. చాలామంది అందులో మ్యాప్ చూస్తారు, తుఫాను పేరు చూస్తారు, గాలి వేగం అంకె చూసి ఇంకో గ్రూపుకు పంపేస్తారు. మనం ఏం చేయాలో చెప్పే రెండు మూడు వాక్యాలు ఎక్కడో చివరి పేజీలో, పట్టికల కింద ఎవరూ చూడకుండా ఉండిపోతాయి.

మన జిల్లాల్లో ఉన్నవాళ్లకు విపత్తుల నిర్వహణ సంస్థ తెలుగులోనే మెసేజ్‌లు పంపుతుంది. అది వచ్చిందంటే అందులో చెప్పినట్టు చేయండి, ఇంగ్లీష్‌తో పనిలేదు. కానీ చెన్నైలో చదువుకుంటున్న అమ్మాయికి, పారాదీప్ రేవులో పనిచేసే అబ్బాయికి, డల్లాస్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులకు ఆ తెలుగు మెసేజ్ రాదు. వాళ్ల కోసం, ఊరి గ్రూపులో బులెటిన్‌ను తెలుగు చేసి పెట్టే కుర్రాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాటల జాబితా ముందు పెట్టుకుని బట్టీ పట్టొద్దు. గాలి ఊళ పెడుతుంటే బట్టీ పట్టినవి గుర్తుకు రావు. బులెటిన్‌ను ఒక వరుసలో చదవడం అలవాటు చేసుకోండి: ఏం చేయమంటున్నారు, ఎప్పటిలోగా, ఎక్కడ, ఆ తర్వాతే ఎంత బలం.

1. ముందు ఏం చేయమంటున్నారో వెతకండి

బులెటిన్‌లో 'యాక్షన్ సజెస్టెడ్' అనే శీర్షిక ఉంటుంది. నేరుగా అక్కడికే వెళ్లండి.

'ఎవాక్యుయేట్' అని ఉంటే ఉన్న చోటు ఖాళీ చేసి వెళ్లిపోవాలి. 'రిమైన్ ఇండోర్స్' అంటే ఇంట్లోంచి కదలొద్దు. 'షెల్టర్ ఇన్ ప్లేస్' దగ్గర మాత్రం జాగ్రత్త. షెల్టర్ అనే మాట కనబడగానే మనవాళ్లకు తుఫాను షెల్టర్ గుర్తొచ్చి మూటాముల్లె సర్దుకుంటారు. ఇక్కడ దాని అర్థం సరిగ్గా తిరగేసి ఉంటుంది: ఇప్పుడు ఏ భవనంలో ఉన్నారో అందులోనే ఉండండి, బయటికి రావద్దు అని. 'మూవ్ టు హయ్యర్ గ్రౌండ్' అంటే ఎత్తైన చోటుకు వెళ్లమని.

మత్స్యకారులకు వచ్చే వాక్యం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది: 'ఫిషర్‌మెన్ ఆర్ అడ్వైజ్డ్ నాట్ టు వెంచర్ ఇన్‌టు ది సీ.' వేటకు వెళ్లొద్దని. ఇందులో 'అడ్వైజ్డ్' అని ఉంది కదా, సలహాయేగా అనుకోకండి. సర్కారీ ఇంగ్లీష్ ఎప్పుడూ ఇంత మర్యాదగానే మాట్లాడుతుంది. దాన్ని ఆదేశంగానే తీసుకోండి. 'టోటల్ సస్పెన్షన్ ఆఫ్ ఫిషింగ్ ఆపరేషన్స్' అని ఉంటే వేట పూర్తిగా బంద్.

ఆ తర్వాత ఎవరి గురించి చెబుతున్నారో చూడండి. 'లో లయింగ్ ఏరియాస్' పల్లపు ప్రాంతాలు. 'థాచ్డ్ హౌసెస్' తాటాకు, రెల్లుగడ్డి కప్పు ఉన్న ఇళ్లు. 'కచ్చా హౌసెస్' మట్టి గోడల ఇళ్లు. 'స్టాండింగ్ క్రాప్స్' అంటే ఇంకా కోయకుండా చేలో నిలబడి ఉన్న పంట. కోసి కళ్లంలో ఆరబోసిన ధాన్యం ఈ మాట కిందికి రాదు, కాబట్టి రైతులకు తెలుగు చేసి పెట్టేవాళ్లు ధాన్యం సంగతి విడిగా చెప్పాలి.

2. తర్వాత గడువు చూడండి, రంగును నమ్ముకోవద్దు

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మన వాతావరణ శాఖ తుఫాను హెచ్చరికలు నాలుగు దశల్లో ఇస్తుంది. 72 గంటల ముందు 'ప్రీ సైక్లోన్ వాచ్'. తీరంలో వాతావరణం పాడవడానికి కనీసం 48 గంటల ముందు 'సైక్లోన్ అలర్ట్', దీని రంగు పసుపు. 24 గంటల ముందు 'సైక్లోన్ వార్నింగ్', ఇది నారింజ. తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు వచ్చేది 'పోస్ట్ ల్యాండ్‌ఫాల్ అవుట్‌లుక్', ఇది ఎరుపు.

చివరి పేరు చూడండి. 'పోస్ట్' అంటే తర్వాత కదా, తీరం దాటేశాక ఇచ్చేదేమో అనిపిస్తుంది. కాదు, దాటకముందే ఇస్తారు. దాటాక లోపలి జిల్లాల్లో ఏం జరుగుతుందో కూడా చెబుతుంది కాబట్టి ఆ పేరు పెట్టారు. ఇది వచ్చిందంటే సర్దుకునే టైమ్ అయిపోయినట్టే.

రోజువారీ వర్షాల హెచ్చరికల్లో రంగుల లెక్క వేరు. అక్కడ పసుపు 'వాచ్', నారింజ 'అలర్ట్', ఎరుపు 'వార్నింగ్'. అంటే అలర్ట్ అనే మాట తుఫాను బులెటిన్‌లో పసుపు, వర్షం బులెటిన్‌లో నారింజ. ఈ పేర్లు పెట్టినవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఉంటే మనకు ఈ తిప్పలు తప్పేవి. అందుకే రంగు చూసి నిర్ణయం తీసుకోకండి. ఎన్ని గంటలు మిగిలాయో లెక్కేసుకోండి.

సమయం పక్కన ఐఎస్‌టీ అని ఉంటే మన గడియారమే. యూటీసీ అని ఉంటే ఐదున్నర గంటలు కలపండి. 0300 యూటీసీ అంటే మనకు ఉదయం 8.30.

అమెరికాలో 'వాచ్', 'వార్నింగ్' అనే రెండు మాటలకు తేడా తెలిస్తే చాలావరకు నెట్టుకురావచ్చు. 'టోర్నడో వాచ్' అంటే సుడిగాలి పుట్టే పరిస్థితులు ఉన్నాయి, కనిపెట్టుకుని ఉండండి. 'టోర్నడో వార్నింగ్' అంటే దాన్ని ఎవరో కళ్లారా చూశారు, లేదా రాడార్‌లో కనబడింది. ఇంట్లో అన్నిటికన్నా కింది అంతస్తులో, కిటికీలు లేని గదిలోకి వెంటనే వెళ్లిపోవాలి. టెక్సాస్‌కు వెళ్లిన అమ్మానాన్నలకు పిల్లలు ఆఫీసుకు బయలుదేరే ముందు ఈ ఒక్క తేడా చెప్పి, ఆ గది ఏదో చూపించి వెళ్లాలి.

3. ఎక్కడ అనేది మ్యాప్ పక్కన పెట్టుకుని చదవండి

'సెంటర్డ్ అబౌట్ 290 కిలోమీటర్స్ సౌత్ సౌత్‌ఈస్ట్ ఆఫ్ మచిలీపట్నం' లాంటి వాక్యం కనబడుతుంది. అంటే మచిలీపట్నంలో నిలబడి దక్షిణ ఆగ్నేయం వైపు చూస్తే, అంత దూరంలో తుఫాను ఉంది. అది కదులుతున్న దిక్కు ఇది కాదు. కదిలే దిక్కును 'మూవ్ నార్త్‌వెస్ట్‌వర్డ్స్' అని విడిగా రాస్తారు. గాలుల సంగతి మళ్లీ వేరు: 'నార్త్‌ఈస్టర్లీ విండ్స్' అంటే ఈశాన్యం నుంచి వీచే గాలులు, ఈశాన్యానికి పోయేవి కాదు.

'ల్యాండ్‌ఫాల్' అంటే తీరం దాటడం. 'క్రాస్ ది కోస్ట్ బిట్వీన్' అని రెండు ఊళ్ల పేర్లు ఇస్తే, ఆ రెండింటి మధ్య ఎక్కడైనా దాటవచ్చని. మన ఊరి పేరు లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. తుఫాను వెడల్పు వందల కిలోమీటర్లు ఉంటుంది, తీరం దాటడానికే గంటలు పడుతుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ దాని వర్షాలకు అంతకు ముందే చెన్నై మునిగిపోయింది.

'ఐ' అంటే తుఫాను కన్ను, మధ్యలో గాలి దాదాపు ఉండని భాగం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటింది. అలాంటప్పుడు కన్ను మన మీదుగా పోతుంటే గాలి ఆగిపోతుంది, ఆకాశం కాస్త తేటపడుతుంది. అయిపోయిందనుకుని జనం బయటికి వస్తారు. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా గాలి మళ్లీ మొదలవుతుంది. బులెటిన్‌లో 'లల్' అనే మాట ఉంటే ఈ తాత్కాలిక ప్రశాంతతే. అప్పుడు తలుపు తీయకండి.

వర్షం దగ్గర 'ఎట్ ఐసోలేటెడ్ ప్లేసెస్' అంటే అక్కడక్కడ, 'ఎట్ ఎ ఫ్యూ ప్లేసెస్' అంటే కొన్నిచోట్ల, 'మెనీ ప్లేసెస్' చాలాచోట్ల, 'మోస్ట్ ప్లేసెస్' దాదాపు అన్నిచోట్లా. ఇవి మాటవరసకు వాడినవి కావు. వాన కొలిచే కేంద్రాల్లో ఎంత శాతం చోట్ల వాన పడుతుందో దాన్నిబట్టి ఎంచిన మాటలు. తెలుగు చేసేటప్పుడు 'అక్కడక్కడ'ను 'జిల్లా అంతటా' చేసి జనాన్ని బెదరగొట్టకండి.

4. బలం చెప్పే మాటలు

'డిప్రెషన్' వాయుగుండం, 'డీప్ డిప్రెషన్' తీవ్ర వాయుగుండం. గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే 'సైక్లోనిక్ స్టార్మ్'. 89 నుంచి 'సివియర్', 118 నుంచి 'వెరీ సివియర్'. ఆపైన 'ఎక్స్‌ట్రీమ్‌లీ సివియర్', 220 దాటితే 'సూపర్ సైక్లోన్'. గాలి వేగం నాట్లలో ఇస్తే ఒక నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు. 'గస్టింగ్ టు' పక్కన ఉన్న అంకె మధ్యమధ్యలో వచ్చే ఈదురు గాలిది. ఇంటి రేకులు లేచిపోయేది దానికే, కాబట్టి ఆ పెద్ద అంకెనే గుర్తుపెట్టుకోండి.

వాన విషయంలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు చేరితే 'హెవీ', 115.6 చేరితే 'వెరీ హెవీ', 204.4 దాటితే 'ఎక్స్‌ట్రీమ్‌లీ హెవీ'.

సముద్రం గురించి 'రఫ్', 'వెరీ రఫ్', 'హై', 'వెరీ హై' అని పోతూ చివర 'ఫినామినల్' అంటారు. మనకు సినిమా సమీక్షల్లో తెలిసిన మాటే, కానీ ఇక్కడ అలలు 14 మీటర్లకు పైగా లేస్తున్నాయని అర్థం.

వీటన్నిటికన్నా ముఖ్యమైన మాట 'స్టార్మ్ సర్జ్', ఉప్పెన. తుఫాను గాలి సముద్రపు నీటిని తోసుకొచ్చి తీరం మీద పోయడం. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్నది గాలి కాదు, ఈ నీరే. బులెటిన్‌లో 'స్టార్మ్ సర్జ్ ఆఫ్ అబౌట్ 1 మీటర్ అబవ్ ఆస్ట్రొనామికల్ టైడ్, లైక్లీ టు ఇనన్‌డేట్' అని ఉంటుంది. మామూలు పోటు ఎంతవరకు వస్తుందో ఆపైన ఇంకో మీటరు అని లెక్క. 'ఇనన్‌డేట్' అంటే ముంచెత్తడం. ఒక మీటరేగా అనుకోవద్దు, మన తీరంలో చాలా ఊళ్లు పల్లంలోనే ఉన్నాయి.

రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికల గురించి ఒక్క మాట. 5, 6, 7 అంకెలు బలం పెరుగుతోందని చెప్పవు. తుఫాను రేవుకు ఏ పక్కన దాటుతుందో చెబుతాయి. 8, 9, 10 కూడా అంతే, కాకపోతే ఇవి 'గ్రేట్ డేంజర్' కిందివి. 11 వచ్చిందంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. ఆరు ఏడయింది, ఇంకా ముదిరిందని టీవీలో అంటుంటే నమ్మకండి.

5. నది వరద మాటలు

క్యూసెక్ అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, దాదాపు 28 లీటర్లు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది. 2024 సెప్టెంబరులో 11 లక్షలు దాటింది. భద్రాచలంలో గోదావరి మట్టాన్ని అడుగుల్లో చెబుతారు: 43కి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. కేంద్ర జల సంఘం ఇంగ్లీష్‌లో రాసేటప్పుడు 'అబవ్ నార్మల్', 'సివియర్', 'ఎక్స్‌ట్రీమ్' అంటుంది. ప్రమాద స్థాయి దాటితే 'సివియర్'. అక్కడ అంతవరకు నమోదైన గరిష్ఠ మట్టాన్ని అందుకుంటే 'ఎక్స్‌ట్రీమ్'.

'బ్రీచ్' గండి. బుడమేరుకు పడినవి ఇవే, విజయవాడ సింగ్‌నగర్ మునిగింది వీటివల్లే. 'ఓవర్‌టాపింగ్' అంటే కట్ట తెగకుండా నీరు కట్ట మీదుగా పొర్లడం. 'రిసీడింగ్' తగ్గుముఖం పట్టడం. 'మెరూన్డ్' అంటే చుట్టూ నీరు చేరి దారి లేకుండా చిక్కుకుపోవడం. 'ట్రాప్డ్' అంటే శిథిలాల కిందో, గదిలోనో ఇరుక్కుపోవడం. సహాయం అడిగేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది. మొదటిదానికి పడవ పంపుతారు, రెండోదానికి గోడలు, ఇనుప కడ్డీలు కోసే పరికరాలు తేవాలి.

6. ఫోన్ చేసి చెప్పడం

చదవడం కన్నా ఇది కష్టం. చేతులు వణుకుతుంటాయి, ఉన్న ఇంగ్లీష్ కూడా పోతుంది. అందుకే ముందే కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మన దేశంలో ఎక్కడైనా 112. తెలుగు రాష్ట్రాల్లో అంబులెన్సుకు 108, అగ్నిమాపక శాఖకు 101. విపత్తు సమయంలో రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070, జిల్లాది 1077. అమెరికాలో 911.

ముందు చెప్పాల్సింది అడ్రస్. మనవాళ్లు 'సర్, మా నాన్నగారికి రాత్రి నుంచి...' అని కథ మొదటి నుంచి ఎత్తుకుంటారు. మధ్యలో ఫోన్ కట్టయితే మీరెక్కడున్నారో అవతలివాళ్లకు తెలియకుండా పోతుంది. 'మై అడ్రస్ ఈజ్' అని మొదలుపెట్టి ఇంటి నంబరు, వీధి, గుర్తుగా చెప్పగల గుడో బడో చెప్పండి. తర్వాత ఏం జరిగిందో ఒక్క వాక్యం:

'దేర్ ఈజ్ ఎ ఫైర్.'
'వీ ఆర్ మెరూన్డ్. వాటర్ ఈజ్ రైజింగ్.'
'హీ ఈజ్ నాట్ బ్రీతింగ్.'
'షీ ఈజ్ అన్‌కాన్షస్.'

ఆ తర్వాత ఎంతమంది: 'ఫోర్ పీపుల్, వన్ బేబీ, వన్ ఓల్డ్ పర్సన్.' అవతలివాళ్లు పెట్టేయమనేదాకా ఫోన్ పెట్టకండి. ఇంగ్లీష్ అసలు రాదంటే అమెరికాలో 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్' అనండి. చాలా 911 కేంద్రాల్లో దుభాషిని ఫోన్‌లో కలిపే ఏర్పాటు ఉంటుంది. కాస్త ఆలస్యమైనా లైన్‌లోనే ఉండండి. పొరపాటున 911 నొక్కితే భయపడి కట్ చేయొద్దు. 'మిస్టేక్, నో ఎమర్జెన్సీ' అని చెప్పండి, లేకపోతే వాళ్లే తిరిగి ఫోన్ చేస్తారు, పోలీసులనైనా పంపుతారు.

ఇక మనం రోజూ వాడే ఇంగ్లీష్ మాటలే విదేశాల్లో కొంప ముంచే సందర్భాలు. అంతస్తు సంగతి ముందు చూడండి. మన ఫస్ట్ ఫ్లోర్ అమెరికాలో సెకండ్ ఫ్లోర్. అక్కడ ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల మీదిదే. పొగలో చిక్కుకుని ఫస్ట్ ఫ్లోర్ అంటే అగ్నిమాపక సిబ్బంది కిందే వెతుకుతారు.

'కరెంట్ పోయింది' అనడానికి 'పవర్ ఈజ్ అవుట్' అనాలి. వరదలో 'స్ట్రాంగ్ కరెంట్' అంటే వాళ్లకు నీటి ప్రవాహం అని అర్థమవుతుంది. 'పవర్ లైన్ డౌన్' అంటే సరఫరా ఆగిందని కాదు, తీగ తెగి కింద పడిందని. దాని దగ్గరికి వెళ్లొద్దు.

రోగం చెప్పేటప్పుడు మన 'ఫిట్స్'కు 'సీజర్' అనండి. 'మోషన్స్'కు 'డయేరియా', 'గిడ్డీనెస్'కు 'డిజీ', 'షుగర్ ఉంది' అనడానికి 'డయాబెటిక్'. 'గ్యాస్ పట్టేసింది' అని మాత్రం చెప్పొద్దు. ఛాతీలో నొప్పి ఉంటే 'చెస్ట్ పెయిన్' అని చెప్పండి, అది గ్యాసో కాదో వాళ్లు తేల్చుకుంటారు. ఇంకొకటి, మనవాళ్లు గుండెపోటును కూడా స్ట్రోక్ అనేస్తుంటారు. ఇంగ్లీష్‌లో 'స్ట్రోక్' మెదడుకు వచ్చేది, మన పక్షవాతం. గుండెకు 'హార్ట్ అటాక్'. రెండింటికీ చేసే వైద్యం వేరు, కాబట్టి పేరు తేల్చుకోలేకపోతే కనబడేదే చెప్పండి: నోరు ఒక పక్కకు పోయిందా, చెయ్యి లేవడం లేదా, చెమటలు పడుతున్నాయా.

వంటగ్యాస్ వాసన వస్తే 'ఐ స్మెల్ గ్యాస్'. ఆ ఫోన్ ఇంటి బయటికి వచ్చాక చేయండి, లోపల స్విచ్ ఏదీ వేయొద్దు, తీయొద్దు. ఫ్యాక్టరీల నుంచి విషవాయువు లీకైనప్పుడు, 2020 మే 7న విశాఖ దగ్గర స్టైరీన్ లీకైనట్టు, హెచ్చరికల్లో 'అప్‌విండ్' అని వినబడుతుంది. గాలి ఎటు నుంచి వీస్తోందో ఆ వైపు. వాయువును గాలి ఎటు తోసుకుపోతుందో అటు పరుగెత్తొద్దని చెప్పడమే అది. 'డు నాట్ ఇన్‌హేల్' అంటే పీల్చొద్దు.

7. వార్తలు చూసేటప్పుడు

'క్యాజువాల్టీస్' అంటే చనిపోయినవాళ్లే అనుకుని లెక్క రాసేస్తుంటారు. గాయపడినవాళ్లు కూడా అందులో ఉంటారు. చనిపోయినవాళ్ల సంఖ్య 'డెత్ టోల్'. 'మిస్సింగ్' ఆచూకీ తెలియనివాళ్లు. 'రెస్క్యూ' ప్రాణాలు కాపాడి బయటికి తేవడం, 'రిలీఫ్' ఆ తర్వాత అన్నం, నీళ్లు, దుప్పట్లు. 'ఎయిర్ డ్రాపింగ్' అంటే పైనుంచి ఆహార పొట్లాలు వేయడం, 'ఎయిర్‌లిఫ్ట్' అంటే మనుషుల్ని హెలికాప్టర్‌లో ఎక్కించి తీసుకుపోవడం. ఈ రెండూ కలిపేస్తే గ్రూపులో గందరగోళమే.

8. సాధన

వాన లేని రోజున పాత తుఫాను బులెటిన్ ఒకటి తీసుకోండి. మిచౌంగ్‌ది బాగుంటుంది, మన ఊళ్ల పేర్లే ఉంటాయి. ఏం చేయమంటున్నారో చెప్పే మాటల కింద ఎర్ర గీత, సమయాల కింద నీలం గీత గీసి, దాన్ని నాలుగు తెలుగు వాక్యాలకు కుదించండి. పదో తరగతి పిల్లలున్న ఇంట్లో వాళ్లతోనే చేయించండి, ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చదివి వినిపించమనండి. ఫోన్ వాక్యాలు మాత్రం 112కి నిజంగా ఫోన్ చేసి సాధన చేయకండి. ఒకరు ఆపరేటర్‌గా, ఒకరు బాధితుడిగా ఇంట్లోనే ఆడుకోండి.

తుఫాను బలహీనపడ్డాక 'డీ వార్నింగ్' అని చివరి బులెటిన్ ఒకటి వస్తుంది. హెచ్చరికలు ఎత్తేసినట్టు. అది గాలికి, సముద్రానికి సంబంధించిందే. నీళ్ల సంగతి విడిగా చూసుకోండి: అమెరికాలో ఆ తర్వాత కూడా కొన్నాళ్లు 'బాయిల్ వాటర్ నోటీస్' ఉండొచ్చు, 2021 ఫిబ్రవరి మంచు తుఫాను తర్వాత హ్యూస్టన్‌లో ఉన్నట్టు. మన దగ్గర అలాంటి నోటీసు వచ్చినా రాకపోయినా, వరద నీరు చేరిన బావినీ బోరునూ క్లోరిన్‌తో శుభ్రం చేసేదాకా నీళ్లు కాచే తాగండి.